ఓరుగల్లు కోట, దాని మూడు గోడలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓరుగల్లు కోట అంటే ఆ నాలుగు తోరణాలే కదా?

కాదు. ఎక్కువమంది అలాగే అనుకుంటారు, అందుకే ఈ ప్రశ్నను ముందు పెట్టాం. తెలంగాణ రాజముద్ర మీద, ఊరి ముఖద్వారాల మీద, పుస్తకాల అట్టల మీద కనిపించే ఆ రాతి ద్వారాలు నిజానికి కోటలో భాగం కాదు, కోట నడిబొడ్డున ఉన్న స్వయంభూ దేవాలయం ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలబెట్టిన కీర్తి తోరణాలు. కోట అంటే వాటి చుట్టూ ఉన్న గోడలు, కందకాలు, బురుజులు, మలుపులు తిరిగే దర్వాజాలు. ఖిలా వరంగల్‌కి వచ్చేవాళ్లలో చాలామంది తోరణాల దగ్గర ఆటో దిగి, ఫొటో దిగి, అదే ఆటోలో వెళ్లిపోతారు. వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి మట్టి కోటను, అంటే రాతి గోడకు బయట ఉన్న మట్టి గోడను దాటుతారు, కానీ దాటామన్న సంగతే వాళ్లకు తెలియదు. కింద రాసిన వాటిలో సగం ఆ మట్టి కోట గురించే ఉంటుంది, ఎందుకంటే ఇవాళ తోరణాల కంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది అదే.

ఎవరు కట్టించారు?

ఒక్కరు కాదు. కాకతీయుల పాత రాజధాని హనుమకొండ. అక్కడ వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడి కాలంలోనే ఓరుగల్లులో కోట పని మొదలైందని చెబుతారు. గణపతిదేవుడు (1199–1262) దానికి నగరరూపం ఇచ్చాడు, స్వయంభూ దేవాలయం ఆయన కాలానిదే. ఆయన కూతురు రుద్రమదేవి (1262–1289) రాతి గోడను ఇంకా ఎత్తు చేయించి, బయట మట్టి కోటను, కందకాన్ని బలపరిచిందని సంప్రదాయం. ఆమె పాలన తొలినాళ్లలోనే దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు, ఆమె తిప్పికొట్టింది. అలాంటి అనుభవం ఉన్న పాలకురాలు గోడల మీద శ్రద్ధ పెట్టిందంటే నమ్మడానికి కష్టమేమీ లేదు. తర్వాత ప్రతాపరుద్రుడు బురుజులు పెంచి, ఒక్కో బురుజు కాపలాను ఒక్కో నాయకుడికి అప్పగించాడని, అలా 77 మంది నాయకులు ఉండేవారని చెప్పుకుంటారు. ఇప్పుడు రాతి గోడకు లెక్కపెట్టగలిగే బురుజులు 45.

రుద్రమ జ్ఞాపకం కోటలో రాతిలోనే ఉంది. స్వయంభూ దేవాలయానికి ఆమె కట్టించిన రంగమండపం శకలాల్లో, సింహం మీద కూర్చుని కత్తి, డాలు పట్టుకున్న స్త్రీ శిల్పం ఉంది. ఆ సింహం ఏనుగును అణచివేస్తూ ఉంటుంది. ఆమె బిరుదు రాయగజకేసరి, అంటే శత్రురాజులనే ఏనుగులకు సింహం. శిల్పి ఆ బిరుదునే బొమ్మకట్టాడు. వెళ్తే దాన్ని వెతికి చూడండి, దాని ముందు కాసేపు నిలబడండి.

మూడు గోడలంటారు, నాకు ఒక్కటే కనిపించింది. మిగతావి ఎక్కడ?

మీకు కనిపించింది లోపలి రాతి గోడ. అడ్డంగా కొలిస్తే సుమారు 1.2 కిలోమీటర్ల వృత్తం. పెద్ద పెద్ద గ్రానైట్ బండలను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చి కట్టారు, బురుజులు చతురస్రంగా కందకంలోకి చొచ్చుకొని ఉంటాయి. లోపలి వైపు గోడకు ఆనించి మట్టి దిమ్మ, దాని మీద రాతి మెట్లు. సైనికులు ఏ చోటు నుంచైనా నిమిషంలో గోడ పైకి ఎక్కేందుకు.

రెండోది మట్టి కోట. దాని వ్యాసం దాదాపు రెట్టింపు, 2.4 కిలోమీటర్లు. దానికీ బయట వెడల్పాటి కందకం ఉంది. వరంగల్ బజారు వైపు నుంచి వచ్చేటప్పుడు రోడ్డుకు రెండు పక్కలా పొదలు, గడ్డి కప్పేసిన పెద్ద మట్టి గట్టు కనిపిస్తే అదే. చెరువు కట్ట అనుకుని దాటిపోతుంటారు.

మూడోది ఇంకా బయట, హనుమకొండను కూడా కలుపుకొని పోయే మట్టి కట్ట. దాని ఆనవాళ్లు అక్కడక్కడా మాత్రమే మిగిలాయి. నగరం పెరిగి దాన్ని దాటి చాలా దూరం పోయింది.

రాతి గోడ సరే, మట్టి గోడ శత్రువును ఏం ఆపుతుంది?

రాతి గోడ కంటే ఎక్కువే ఆపుతుంది, ఇది మనవాళ్లు గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి.

తుపాకి మందు రాకముందు కోటల మీద వాడింది రాళ్లు విసిరే యంత్రాలు. బండరాయి వచ్చి రాతి గోడకు తగిలితే దెబ్బ ఒకచోట పడుతుంది, రాయి పగులుతుంది, పక్క రాయి కదులుతుంది, అదే చోట పదేపదే కొడితే గోడలో కంత పడుతుంది. బాగా దిమ్మిస కొట్టిన మందపాటి మట్టి కట్ట మీద అదే రాయి పడితే దెబ్బ మట్టిలోనే ఇంకిపోతుంది. పడినచోట గుంట పడుతుంది, అంతే. రాత్రి పదిమంది గంపలతో మట్టి పోసి తొక్కితే తెల్లారేసరికి మళ్లీ గోడ. పైగా ఈ మట్టి ఎక్కడి నుంచో మోసుకొచ్చింది కాదు. కందకం తవ్విన మట్టే లోపలి వైపు కట్టగా పోస్తారు, ఒక్క పనితో లోతు, ఎత్తు రెండూ వస్తాయి. ఏటవాలుగా పైకి లేచే ఆ కట్టను ఎక్కాలంటే ముందు నీళ్లున్న కందకం దాటాలి, తర్వాత బాణాల వానలో ఆ వాలు ఎక్కాలి.

ఇది మనం మన గొప్ప కోసం చెప్పుకునే మాట కాదు. 1310లో ఢిల్లీ సైన్యం చేసిన ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో, ఢిల్లీ సుల్తాను ఆస్థాన కవి, ఆ మట్టి కోట ఎంత గట్టిదంటే ఉక్కు బల్లెం కూడా దిగదని, యంత్రంతో విసిరిన రాయి తిరిగి ఎగిరిపడుతుందని రాశాడు. శత్రువు పక్షాన ఉన్న కవి ఇచ్చిన సర్టిఫికెట్ అది. ఆ ముట్టడిలో మాలిక్ కాఫూర్ సైన్యం కందకం పూడ్చి మట్టి కోటను పట్టుకోవడానికే వారాలు పట్టింది. అది చేజారాకే ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకొని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి పంపించాడు. అంటే రాతి కోట దాకా వాళ్లు వచ్చారు గానీ దాన్ని బద్దలు కొట్టి లోపలికి రాలేదు.

ఇంత చరిత్ర ఉన్న కట్టడం మీద ఇవాళ ట్రాక్టర్లు పెట్టి మొరం తవ్వుకోవడానికి ఎవరికైనా చేతులెలా వస్తాయంటే, అది కట్టడమని తెలియకే.

దర్వాజాలు అంత వంకరగా ఎందుకు ఉన్నాయి?

కావాలనే. లోపలికి రాగానే ఎదురుగా గోడ, పక్కకు తిరిగితే చిన్న ఆవరణ, మళ్లీ మలుపు, అప్పుడు గానీ ఊళ్లోకి దారి ఉండదు. ఏనుగుతో తలుపును గుద్దించాలంటే ఏనుగుకు పరిగెత్తే జాగా కావాలి, మలుపులో అది దొరకదు. ఆవరణలో చిక్కుకున్నవాళ్ల మీద పైనుంచి నాలుగు వైపులా బాణాలు వేయొచ్చు. ఇప్పుడున్న రూపమంతా కాకతీయులదే అనుకోవద్దు, తర్వాత ఏలినవాళ్లు కూడా ద్వారాలకు చేర్పులు చేశారు. కొన్నిచోట్ల గుడి స్తంభాల, దూలాల ముక్కలు గోడలో ఇమిడిపోయి కనిపిస్తాయి. ఒక్కటి మాత్రం బాధ కలిగిస్తుంది. ఏనుగును ఆపడానికి కట్టిన ఈ మలుపుల్లోంచే ఇప్పుడు ఊరి రోడ్డు పోతోంది, పెద్ద బండి ఏదైనా గోడ అంచును రాసుకుంటూ పోతే ఆ రాయికి తగిలిన దెబ్బను ఎవరూ లెక్కలో రాయరు.

ఇంత గట్టి కోట 1323లో ఎలా పోయింది?

ఒక్క దెబ్బతో పోలేదు, ఇరవై ఏళ్లు పట్టింది. 1303లో అలావుద్దీన్ ఖిల్జీ పంపిన సైన్యం ఓడి వెనక్కి పోయింది. 1310లో మాలిక్ కాఫూర్, 1318లో ఖుస్రో ఖాన్ కప్పం తీసుకుని పోయారు. తుగ్లక్‌లు వచ్చాక ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ముట్టడి వేశాడు. మొదటిసారి ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారు లేచి వాళ్ల శిబిరంలోనే గందరగోళం పుట్టి దేవగిరికి తిరిగిపోవాల్సి వచ్చింది. 1323లో కొత్త సైన్యంతో మళ్లీ వచ్చి, నెలల తరబడి చుట్టుముట్టి కూర్చుని, చివరికి లొంగదీసుకున్నాడు. గోడ ఎంత గట్టిదైనా లోపల తిండి గింజలు అయిపోతే చేసేదేమీ లేదు. ఆ తర్వాత ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది.

ప్రతాపరుద్రుడు ఏమయ్యాడు?

బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. తనంతట తానే ప్రాణం విడిచాడని తర్వాతి కాలపు కలువచేరు శాసనం అంటుంది.

కోహినూర్ ఇక్కడి నుంచే పోయిందా?

ఆ మాట చాలామంది చెబుతారు. 1310 కప్పంలో సాటిలేని మణి ఒకటి ఉందని రాసినమాట నిజం. అదే కోహినూర్ అని చెప్పే ఆధారం మాత్రం లేదు. కోట గొప్పతనానికి ఆ వజ్రం అవసరం కూడా లేదు.

గుడి మొత్తం పోయింది, తోరణాలు మాత్రం ఎలా మిగిలాయి?

అందరూ చెప్పే సమాధానం, వాటి మీద దేవతల బొమ్మలు లేవు, హంసలు, మకరాలు, లతలు, తామర మొగ్గలు మాత్రమే ఉన్నాయి కాబట్టి వదిలేశారని. ఇంకో వాదన కూడా ఉంది, నాకు అదే ఎక్కువ సబబుగా అనిపిస్తుంది. గుడి కూల్చినచోట సుల్తానులు తమ మసీదు కట్టడం మొదలుపెట్టారు, దానికి నాలుగు దిక్కులా రాజసం తెచ్చే ద్వారాలుగా తోరణాలను ఉద్దేశపూర్వకంగానే ఉంచుకున్నారని కొందరు చరిత్రకారులు అంటారు. గెలిచినవాడికి కూడా అవి తన గౌరవానికి పనికొచ్చేవిగా కనిపించాయన్నమాట. ఒక్కోటి సుమారు 10 మీటర్ల ఎత్తు. గుడిలోని చతుర్ముఖ లింగం దగ్గరలోని శంభునిగుడిలో ఉంది, దానికి ఇప్పటికీ పూజ జరుగుతుంది.

ఖుష్‌మహల్ కాకతీయుల రాజభవనమా?

కాదు. ఏటవాలు గోడలు, లోపల వరసగా పెద్ద కమానులు, ఇది తుగ్లక్‌ల పద్ధతి. 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని స్థానికంగా చెప్పుకుంటారు, కట్టడం తీరు చూస్తే 14వ శతాబ్దపు దర్బారు హాలు అనిపిస్తుంది. షితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి. పడిపోయిన విగ్రహాలను మళ్లీ ప్రతిష్ఠించినట్టు 1504 నాటి శాసనం వేయించినవాడు ఆయనే. కాకతీయుల సొంత భవనాల్లో నిలబడి ఉన్నది ఏదీ లేదు. ఆ కాలంలో గుడికి రాయి వాడేవారు, మనుషులు ఉండే ఇళ్లకు ఎక్కువగా కర్ర, ఇటుక, మట్టి వాడేవారు.

1323 తర్వాత కోట ఖాళీ అయిపోయిందా?

లేదు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు తిరిగి గెలుచుకున్నాడు. తర్వాత రేచర్ల పద్మనాయకులు, బహమనీలు, షితాబ్ ఖాన్, గోల్కొండ కుతుబ్‌షాహీలు, ఆ తర్వాత మొఘలులు, అసఫ్‌జాహీలు. క్రీడాభిరామం అనే పాత తెలుగు రచనలో కనిపించే ఓరుగల్లు వీధులు, అంగళ్లు, పూటకూళ్ల ఇల్లు చూస్తే అది ఎంత సందడిగా ఉన్న ఊరో తెలుస్తుంది. రాజధాని హోదా మాత్రం పోయింది. రాజు లేని కోటకు మరమ్మతు చేసే దిక్కు ఉండదు కదా.

అంటే కోట పాడవడానికి కారణం యుద్ధాలు కాదా?

గుడి విషయంలో యుద్ధమే. గోడల విషయంలో యుద్ధం కంటే తర్వాతి 600 ఏళ్ల నిర్లక్ష్యం ఎక్కువ పాడు చేసింది. చెక్కి సిద్ధంగా ఉన్న రాయి దగ్గరే ఉంటే ఇల్లు కట్టుకునేవాడు కొండకు పోయి రాయి కొట్టుకోడు. మట్టి గట్టు ఎదురుగా ఉంటే పొలం ఎత్తు చేసుకోవడానికి అదే తవ్వుతాడు. కందకం ఎండితే అది సాగుభూమి అవుతుంది, నిండితే చెత్త పోసే గుంట అవుతుంది. వీటిలో ఏదీ ద్వేషంతో చేసింది కాదు. అందుకే ఎవరో ఒకరిని తిట్టి ఊరుకుంటే సరిపోదు.

కోట కింద సొరంగం ఉందట, నిధులు ఉన్నాయట, నిజమేనా?

దాదాపు ప్రతి కోట గురించీ ఈ కథ చెబుతారు. ఇక్కడి నుంచి మైళ్ల దూరం పోయే సొరంగం ఉన్నట్టు ఆధారం ఏదీ లేదు. నిధి కథ నవ్వి వదిలేసేది కాదు. దాన్ని నమ్మి రాత్రిపూట గునపాలతో గుడి పునాదులు, నంది విగ్రహాల కింద తవ్వేవాళ్లు తెలుగు నేల అంతటా ఉన్నారు, వాళ్లకు దొరికేది ఏమీ ఉండదు, పోయేది మాత్రం ఇక తిరిగిరాదు. ఒకవేళ భూమిలో విలువైనది ఏదైనా దొరికినా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాల్సిందే, పది రూపాయల విలువ దాటితే చాలు.

ఇప్పుడు కోట ఎవరి ఆధీనంలో ఉంది?

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అంతకు ముందు నిజాం కాలంలో, 1914లో ఏర్పడ్డ హైదరాబాద్ పురావస్తు శాఖ చూసేది, దాని మొదటి డైరెక్టర్ గులాం యజ్దానీ. ఇప్పటి చట్టం 1958 నాటిది, 2010లో సవరించారు. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, దాని తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలి. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గోడ మీద పేరు చెక్కడం కూడా పాడుచేయడమే.

కోట లోపల ఇళ్లు, పొలాలు ఉన్నాయి. వాళ్లను ఖాళీ చేయించేస్తే కోట బాగుపడుతుంది కదా?

ఈ మాట వింటే కోపం వస్తుంది. తూర్పుకోట, మధ్యకోట, పడమరకోట అని అక్కడ ఉన్నవి తరతరాల ఊళ్లు. ఓరుగల్లు మొదటి నుంచీ మనుషులు బతికిన నగరం, కాపలా పెట్టిన ఖాళీ మైదానం కాదు. మనుషులు లేని కోటలో రాత్రి ఎవరు ఏం చేసినా అడిగేవాడు ఉండడు. రేపు గోడ రాయి జారితే ముందు చూసేది అక్కడ మేకలు తోలుకుపోయే మనిషే, హైదరాబాద్‌లో కూర్చున్న అధికారి కాదు.

అయితే వాళ్ల ఇబ్బంది కూడా నిజమే. పిల్లలు పెద్దవాళ్లవుతారు, ఇంకో గది కావాలి, అనుమతి రాదు, ఆఫీసుల చుట్టూ తిరగలేక చివరికి రాత్రికి రాత్రి స్లాబు వేసేస్తారు, తర్వాత నోటీసు వస్తుంది, టెన్షన్ మొదలవుతుంది. హద్దు రాయి ఎక్కడుందో, ఏ సర్వే నంబరు ఏ పరిధిలోకి వస్తుందో తెలుగులో, పటంతో, పంచాయితీ దగ్గరో వార్డు ఆఫీసు దగ్గరో గోడకు అంటించి పెడితే సగం గొడవలు పుట్టనే పుట్టవు. ఎక్కడ కట్టకూడదో చెప్పినప్పుడే ఎక్కడ, ఎంత ఎత్తు కట్టుకోవచ్చో కూడా చెప్పాలి.

మా పాత ఇల్లు 100 మీటర్ల లోపలే ఉంది. కనీసం రిపేరు కూడా చేసుకోకూడదా?

చేసుకోవచ్చు, అనుమతితో. 1992 జూన్ 16 కంటే ముందు నుంచే ఉన్న ఇల్లయితే, లేదా ఆ తర్వాత సరైన అనుమతితో కట్టిందైతే, మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకునే అవకాశం చట్టంలోనే ఉంది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పాత ఫొటో, ఏది ఉంటే అది జాగ్రత్తగా దాచుకోండి, ఇల్లు ఎప్పటిదో రుజువు చేయాల్సింది మీరే. మరమ్మతు పేరుతో అంతస్తు పెంచడం మాత్రం కుదరదు.

ఇంత డబ్బు, టెక్నాలజీ ఉన్నాయి, పాత కోటను ఉన్నదున్నట్టు మళ్లీ కట్టేయొచ్చు కదా?

ఉన్నదున్నట్టు అంటే ఏ ఏడాది ఉన్నట్టు? గణపతిదేవుడి నాటి గుడి కడతారా, రుద్రమ మండపం చేర్చాక ఉన్నది కడతారా, తుగ్లక్ నాటి మసీదు స్తంభాలను తీసి పారేస్తారా, ద్వారాల్లో కుతుబ్‌షాహీల చేర్పులు కూల్చేస్తారా? స్వయంభూ దేవాలయం శిఖరం ఎలా ఉండేదో చూపించే బొమ్మ ఒక్కటీ మన దగ్గర లేదు. ఊహించి కట్టింది కొత్త గుడి అవుతుంది, దాని కింద అసలు రాళ్లు పూడిపోతాయి. ఒకసారి అలా జరిగితే తర్వాత వచ్చే తరం పరిశోధకుడికి చదువుకోవడానికి ఏమీ మిగలదు.

1964లో వెనిస్‌లో ఒప్పుకున్న అంతర్జాతీయ నియమావళి కూడా ఇదే చెబుతుంది. పడిపోయిన అసలు ముక్కలు దొరికితే వాటిని వాటి చోట నిలబెట్టొచ్చు, లేని దాన్ని కల్పించకూడదు. అసలు ముక్కలతో నిలబెట్టడం కూడా ఎంత పనో తెలియాలంటే హనుమకొండలోనే చూడండి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. రాయి రాయికీ నంబరు వేసి, పునాది బలపరిచి, మళ్లీ పేర్చి తెరిచేసరికి 2024 వచ్చింది. ఒక్క మండపానికి 18 ఏళ్లు. ఆలస్యం మీద కోపం రావడం సహజమే, నాకూ వచ్చింది, కానీ ఆ మండపంలో నిలబడితే అవి పాత రాళ్లే. నేలమీద పరిచి ఉన్న స్వయంభూ ఆలయ శకలాలను ప్రతిదాన్నీ ఫొటో తీసి, కొలిచి, ఏది ఎక్కడిదో తేల్చే పని ముందు పూర్తి కావాలి. కట్టాలా వద్దా అన్న చర్చ ఆ తర్వాతే.

రాతి గోడ సందుల్లో సిమెంటు నింపితే గట్టిపడుతుంది కదా?

పాడవుతుంది. ఆ గోడను సున్నం లేకుండా పేర్చారని పైన చెప్పాం. వెనక మట్టి దిమ్మ ఉంది. వాన పడితే నీరు దిమ్మలోకి దిగి రాళ్ల సందుల్లోంచి బయటికి పోతుంది. సందులు మూసేస్తే నీటికి దారి లేదు, లోపల మట్టి ఉబ్బి గోడను బయటికి నెడుతుంది. మొదట పొట్ట వస్తుంది, తర్వాత ఒక వానాకాలంలో కూలుతుంది. రాయి జారినచోట అదే రాయిని, దాని పాత చోట, నీరు పోయే దారి ఉంచి పెట్టాలి.

సున్నంతో కట్టిన ఖుష్‌మహల్ లాంటి వాటికైతే సున్నమే వాడాలి. డంగు సున్నం, ఇసుక, కరక్కాయ, బెల్లం నీళ్లతో మగ్గబెట్టి చేసే ఆ అడుసు గాలి, తడి ఆడనిస్తుంది, గోడ కదిలితే తానూ కాస్త కదులుతుంది. సిమెంటు రాయి కంటే బిరుసుగా ఉండి, లవణాలు వదిలి, పక్కనున్న పాత రాయినే తినేస్తుంది. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు, వాళ్లకు ఏడాదంతా పని దొరికేలా చూడటం కోటకు చేసే మేలే.

గోడల మీద మొలిచిన చెట్లను పీకేస్తే సరిపోతుందా?

పీకొద్దు. రావి, మర్రి వేళ్లు రాళ్ల మధ్య ఎంత లోతుకు పోయాయో పైకి తెలియదు, లాగితే రాళ్లు కూడా వస్తాయి. చిన్నమొక్కగా ఉన్నప్పుడే తీసేయాలి. పెద్దదైతే కొమ్మలు నరికి, మొదలును నెమ్మదిగా చంపి, ఎండాక రాళ్లు సర్దుతూ తీయాలి. ఏటా చేయాల్సిన పని ఇది, పండుగ ముందు ఒకసారి చేసేది కాదు.

సరే, మట్టి కోటను కాపాడటం ఎలా? వానకు కరిగిపోతుంది కదా?

700 ఏళ్ల వానలకు కరగలేదు. దాన్ని కాపాడింది గడ్డి. పైపైన వేళ్లు పరుచుకునే గడ్డి ఉంటే వాన చుక్క మట్టిని నేరుగా కొట్టదు, నీరు నిదానంగా జారుతుంది. గడ్డి పోయినచోట, అంటే జనం, బండ్లు అడ్డదారిగా ఎక్కి దిగినచోట, తవ్వినచోట, సన్న గాడి పడుతుంది. రెండో ఏడాదికి అది కాలువ అవుతుంది, నాలుగో ఏడాదికి గట్టు అక్కడ తెగుతుంది.

కాబట్టి చేయాల్సింది ఖరీదైన పని కాదు. తెగినచోట్ల అదే రకం మట్టి పలుచటి పొరలుగా పోసి దిమ్మిస కొట్టి గడ్డి పెంచాలి. ఎక్కేవాళ్లకు ఒకటి రెండు చోట్ల మెట్లు కట్టి మిగతా అడ్డదారులు మూసేయాలి. పెద్ద చెట్లు నాటకూడదు. హరితహారం ఉత్సాహంలో గట్టు మీద గుంటలు తవ్వడం కూడా తప్పే, మొక్కలకు వేరే చోటు చాలా ఉంది. కందకంలోకి మురుగు రాకుండా ఆపి, వాన నీరు నిలిచేలా చూస్తే గట్టు అడుగు కూడా గట్టిగా ఉంటుంది, చుట్టుపక్కల బావులకూ నీరు దొరుకుతుంది. చెరువులు తవ్వించడంలో కాకతీయుల పేరు ఎందుకు చెప్పుకుంటామో తెలిసిన నేల ఇది, ఆ కందకాన్ని చెత్తకుండీగా వదిలేయడం మనకు తగదు.

అన్నిటికంటే ముందు, గట్టు పక్కన బోర్డు పెట్టాలి. ఇది కాకతీయుల మట్టి కోట, దీన్ని తవ్వడం నేరం అని, పెద్ద అక్షరాల తెలుగులో, ఉర్దూలో. తోరణాల దగ్గర ఉన్నంత కాపలా ఇక్కడ ఎవరూ అడగట్లేదు, ఇది ఏమిటో జనానికి చెప్పమని అడుగుతున్నాం.

కోటకు యునెస్కో గుర్తింపు వచ్చిందా?

రాలేదు. 2010లో కాకతీయుల దేవాలయాలు, తోరణాలు అన్న పేరుతో స్వయంభూ ఆలయం, కీర్తి తోరణాలు, వేయిస్తంభాల గుడి, రామప్ప కలిపి తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. 2021లో ప్రపంచ వారసత్వ హోదా రామప్పకు ఒక్కదానికే దక్కింది. వారసత్వ నగరాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన హృదయ్ పథకంలో ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ కూడా ఉంది. హోదా వస్తే మంచిదే. రాకపోయినా గట్టు మీద గడ్డి పెంచడానికి పారిస్‌లోని యునెస్కో అనుమతి అవసరం లేదు.

ఒక్క పూట టైముంది. ఏ వరసలో చూడమంటారు?

బయటి నుంచి లోపలికి. మట్టి కోట దగ్గర దిగి గట్టును, కందకాన్ని చూడండి. తర్వాత రాతి కోట దర్వాజాలోంచి బండి దిగి నడుచుకుంటూ పోండి, మలుపులు తెలియాలంటే నడవాలి. లోపల మెట్లెక్కి గోడ మీద నుంచి చుట్టూ చూడండి, అంచుకు పోవద్దు, రాళ్లు వదులుగా ఉంటాయి. అప్పుడు స్వయంభూ ఆలయం, తోరణాలు, శంభునిగుడి, ఖుష్‌మహల్. ఓపిక ఉంటే ఏకశిల గుట్ట ఎక్కండి, పైనుంచి కోట గుండ్రం అర్థమవుతుంది. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లండి, నీడ తక్కువ. పిల్లలు శిల్పాల మీద ఎక్కకుండా చూసుకోండి.

మా ఇంటి పునాది తవ్వుతుంటే చెక్కిన రాయి బయటపడింది. ఏం చేయాలి?

అక్కడితో తవ్వకం ఆపండి. రాయిని లాగకుండా, ఉన్నచోటే, పక్కన స్కేలో పలుగో పెట్టి నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఎంత లోతులో, ఏ దిక్కుకు తిరిగి ఉందో రాసుకోండి, ఎందుకంటే రాయి ఎంత ముఖ్యమో అది దొరికిన చోటు కూడా అంతే ముఖ్యం. యాసిడ్‌తో కడగొద్దు, వైరు బ్రష్‌తో రుద్దొద్దు, పసుపు, నూనె, రంగు పూయొద్దు. అక్షరాలు కనిపిస్తే వాటి మీద సుద్దతో గీయొద్దు, సాయంత్రం ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే అవే స్పష్టంగా పడతాయి. తహశీల్దారు ఆఫీసులో, పురావస్తు శాఖ స్థానిక కార్యాలయంలో రాతపూర్వకంగా చెప్పి, ఇచ్చిన కాగితం మీద తేదీ, సంతకం వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.